రీళ్ళాయన కత్తిరించిన ముక్క

ఏ బడికెళ్ళినా హాల్లో అడుగుపెట్టగానే రీళ్ళాయన మొదట చేసే పని ప్రొజెక్టరు బిగించడం కాదు, కిటికీలు మూయించడం. వెలుతురు పడితే బొమ్మ కనపడదని పైకి చెప్పేవాడు. అసలు లెక్క వేరు. హాలు నిండా పిల్లలు, గాలి ఆడదు, తెర మీద ఆసుపత్రి మంచం, చీము, సూది. ఎవరో ఒకరు కళ్ళు తిరిగి పడిపోతారు. పడిపోయారంటే ఆ బడికి సరుకు నచ్చినట్టే. "మా దగ్గర ఇద్దరిని మోసుకెళ్ళాల్సొచ్చిందండీ" అని ఒక హెడ్మిస్ట్రెస్ ఇంకో హెడ్మిస్ట్రెస్ దగ్గర గొప్పలు పోయేది. వారం తిరక్కుండా ఆ రెండో బడి నుంచి కబురొచ్చేది. ఇంతకు మించిన ప్రచారం ఏ వ్యాపారికి దొరుకుతుంది?

పాత వ్యానులో ప్రొజెక్టరు, చుట్టిన తెర, రేకు డబ్బాల్లో ఆరోగ్యం బొమ్మలు వేసుకుని బడి బడికీ తిరగడం ఆయన వ్యాపారం. పళ్ళు తోమనివాడి బొమ్మ చిన్న తరగతులకి. సిగరెట్టు కాల్చినవాడి బొమ్మ మగపిల్లలకి. వయసొచ్చిన ఆడపిల్లలకి ఇంకొకటి.

"గుడ్డలమ్మేవాడికి రంగు వెలుస్తుందని బెంగ, పళ్ళమ్మేవాడికి కుళ్ళుతాయని బెంగ. భయం వెలవదు, కుళ్ళదు. ఏటా ఒక తరగతి ఎదిగొస్తూనే ఉంటుంది. గిరాకీకి కొదవేముంది?" అని భార్య దగ్గర జబ్బలు చరుచుకునేవాడు.

ఆ బొమ్మలన్నిటిదీ ఒకటే సూత్రం. మొదటి సీనులో ఎవరు పగలబడి నవ్వుతారో, చివరి సీనులో మంచం వాళ్ళకి ఖాయం. ఆడపిల్లల బొమ్మలో అమ్మాయి మొదట్లోనే నవ్వుతుంది. బడి ఎగ్గొడుతుంది. సైకిలు మీద వచ్చిన అబ్బాయితో ఒకే సీసాలో సోడా తాగుతుంది, పార్కులో నడుస్తుంది. ఒక రోజు అద్దంలో చూసుకుంటే దవడ కింద గడ్డ. కళ్ళజోడు డాక్టరు దగ్గర కూర్చుని "నేనేం తప్పూ చేయలేదండీ" అని ఏడుస్తుంది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అందరూ మొదట ఆ మాటే అంటారమ్మా" అంటాడు. ఢమాలున సంగీతం. ఆ తర్వాత మంచం, గోడ వైపు తిరిగిన ముఖం, తెల్ల దుప్పటి. అంతే, దీపాలు వేస్తారు. జబ్బు పేరు మాత్రం ఎక్కడా రాదు. పేరు చెబితే ఆ ఒక్కదానికే భయపడతారు. చెప్పకపోతే అన్నిటికీ భయపడతారు. అది తీసినవాడెవడో గాని వ్యాపారం తెలిసినవాడని రీళ్ళాయన మెచ్చుకునేవాడు.

నిజానికి ఆ బొమ్మ అక్కడ అయిపోదు. మంచం తర్వాత ఇంకొంచెం ఉంది. నర్సు మాత్రలు ఇస్తుంది, గడ్డ కరుగుతుంది, అమ్మాయి పుస్తకాలు పట్టుకుని బడికి నడిచి వెళ్తుంది. కొత్తలో రీళ్ళాయన అదీ వేసేవాడు. ఒకసారి ఒక హెడ్మిస్ట్రెస్ మొహం మాడ్చుకుని, "అంతా బాగానే ఉంది గాని, చివరికి బాగుపడిపోతే ఎలాగండీ? ఇంత సేపూ భయపడిందంతా దండగేగా" అంది. కొనేవాడి నోటి నుంచి వచ్చిన మాట వ్యాపారికి వేదం. ఆ సాయంత్రమే బ్లేడుతో ఆ ముక్క కోసి, వేరే డబ్బాలో పడేసి, అటక మీదకి తోసేశాడు. అప్పటి నుంచే ఆ బొమ్మకి గిరాకీ పెరిగింది.

కూతురు చదివే బడిలోనూ ఆ బొమ్మ ఆయనే వేశాడు. ఆ రోజు కూతురు మూడో వరసలో కూర్చుంది. స్నేహితురాళ్ళు "మీ నాన్నే!" అని మోచేతులతో పొడుస్తుంటే ఆ పిల్ల గొప్పగా నవ్వింది కూడా. ఆయనకి గుర్తు.

ఆ పిల్లని ఇంట్లో వసపిట్ట అనేవారు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ మొదలెట్టిన కబురు, నిద్రలోకి జారేదాకా సాగేది. అలాంటిది కొన్నాళ్ళుగా నోట్లో ముల్లు గుచ్చుకున్నట్టు తిరుగుతోంది. అడిగినదానికి ఊ, అడగనిదానికి అదీ లేదు. ఇల్లు కరెంటు పోయిన మిల్లులా ఉంది. ముందుగదిలో భార్య కుట్టుమిషను ఒక్కటే టకటకలాడుతోంది. రీళ్ళాయనకి కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. నూనె వేసిన ప్రొజెక్టరుకే మళ్ళీ నూనె వేశాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకొచ్చాడో మర్చిపోయి వెనక్కి వచ్చాడు.

"ఆ కాళ్ళకి చక్రాలు బిగించమంటారా? పోనీ ఆ నూనె ఇటివ్వండి, నా మిషనుకైనా పనికొస్తుంది" అంది భార్య తలెత్తకుండా.

"పిట్ట నీతో ఏమైనా అందా?"

"యూనిఫారాలకి కాలరు పెంచమంది. కొత్త ఫ్యాషనట."

"కాలరా? పోయిన వారమే పెంచావుగా?"

"మళ్ళీ పెంచమంది. ఇంకొంచెం పెంచితే తాబేలు మనింట్లోనే చదువుకుంటోందంటారు. నవ్వకండి, చూసి బాగుందని దాని క్లాసువాళ్ళు ఇంకో నలుగురు కుట్టించుకున్నారు." ఆవిడ గొంతులో సంబరం ఉంది. గిరాకీ అంటే ఆ ఇంట్లో ఇద్దరికీ చెవి కోసుకోవడమే.

పిట్ట బడి నుంచి రాగానే తల్లి పిలిచి నిలబెట్టింది, కొలత చూడ్డానికి. టేపు మెడ చుట్టూ వేసి బిగించిందో లేదో, పిల్ల నిప్పు తగిలినట్టు ఎగిరి వెనక్కి పోయింది. తల్లి వేళ్ళు అప్పటికే తగిలాయి. ఆవిడ చేతిలో టేపు అలాగే ఉండిపోయింది.

"ఏంటే అది?"

"ఏం లేదు."

"ఏం లేకపోవడమేంటి, ఉసిరికాయంత ఉంటే! ఇటు రా, చూడనీ."

పిల్ల గదిలోకి పరిగెత్తి గడియ పెట్టుకుంది. లోపలి నుంచి ఏడుపు, ఏడుపు మధ్య ఒకే ఒక్క మాట.

"నేనేం తప్పూ చేయలేదు."

రీళ్ళాయన చేతిలో నూనె డబ్బా కింద పడింది. ఆ మాట ఆయనకి కొత్త కాదు. ఎన్ని హాళ్ళలో, ఎన్ని తెరల మీద విన్నాడో లెక్కే లేదు. గొంతు ఎక్కడ విరగాలో అక్కడే విరిగింది. దాని తర్వాత రావలసిన మాటా ఆయన నాలుక చివరిదాకా వచ్చేసింది. తలుపు దగ్గరికెళ్ళి, "అమ్మా, ఎవరితోనైనా..." అనబోయాడు.

భార్య పెద్ద కత్తెర పట్టుకుని మధ్యలో నిలబడింది. "ఆ ప్రశ్న అడిగారో, చూడండి మరి. ముందు అది పిల్ల. తర్వాతే మీ బొమ్మ."

ఆయన ప్రశ్న మింగేశాడు. గొంతు సవరించుకుని, "పిట్టా, తలుపు తియ్యి. డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నాడు.

"డాక్టరేమంటాడో నాకు తెలుసు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు."

"అది బొమ్మమ్మా. వాడు డాక్టరు కాదు, వేషం కట్టినవాడు."

"మరి గడ్డ? అదీ వేషమేనా? నాకొచ్చింది అక్కడే కదా." లోపల మంచం చప్పుడైంది. "మా ల్యాబులో ఒకబ్బాయి తాగిన బీకరులోనే నీళ్ళు తాగాను. అంతే నాన్నా. ఒట్టు."

తన సరుకు ఎంత గట్టిదో ఆయనకి అప్పుడు తెలిసింది. వ్యాపారంలో ఒక ఆనవాయితీ ఉంది: అమ్మే సరుకు ఇంటికి తేకూడదు. తెచ్చినట్టు తనకే తెలియలేదు.

"ఆ బొమ్మలో అమ్మాయికి నయమవుతుంది" అన్నాడు చివరికి.

"అబద్ధం. నేను చూశాను."

"నువ్వు చూసింది సగమే. మిగతాది నేను కోసేశాను."

గడియ తీసిన చప్పుడు కాలేదు గాని, ఏడుపు ఆగింది.

అటక మీద డబ్బా దొరికేసరికి దుమ్ము పడి ఆయన తల నెరిసినట్టయింది. ముక్క పెళుసుబారింది. విరక్కుండా రీలు చివర అతికించాడు. గోడ మీద ఉన్న క్యాలెండరు తీసేసి, ఖాళీ గోడ మీదే బొమ్మ వేశాడు. పిట్ట గుమ్మంలో నిలబడి, చేత్తో మెడ కప్పుకుని చూసింది. మంచం. దుప్పటి. అతుకు దగ్గర బొమ్మ ఒక్క గెంతు గెంతింది. నర్సు, మాత్రలు, అద్దం, అమ్మాయి తడుముకుని చూసుకోవడం, పుస్తకాలు, బడి గేటు. అయిపోయింది. గోడ తెల్లగా మిగిలింది.

"ఎందుకు కోశావు?" అంది పిట్ట.

"అడిగారు."

"అడిగితే తూకంలో కొడతావా? అమ్మ గుడ్డ మిగిలితే గుండీ అంతదైనా తిరిగి ఇచ్చేస్తుంది. నువ్వు ఏకంగా మనిషి ప్రాణమే మిగుల్చుకున్నావు."

ఆయన ప్రొజెక్టరు దీపం ఆర్పాడు. "సరే, నాదే తప్పు. ఇప్పుడు పద, క్లినిక్ ఇంకా మూసి ఉండదు."

"నేను నమ్ముతాను నాన్నా. నా కళ్ళ ముందే అతికించావు కాబట్టి నమ్ముతాను. మా క్లాసువాళ్ళు? వాళ్ళకి తెలిసింది దుప్పటి దాకానే. నేను ఆ క్లినిక్ గడప తొక్కితే చాలు, మర్నాటికల్లా నాకో సైకిలబ్బాయిని అంటగడతారు."

"ఎవరూ చూడకుండా తీసుకెళ్తాను."

"అంటే దాచాలన్నమాట. నేను చేస్తున్నదీ అదేగా? దానికి నువ్వెందుకు?"

భార్య మిషను మీద తల వాల్చి వింటోంది. తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు నడుస్తుంటే ఆవిడ అడ్డు రాదు. ఇద్దరిదీ ఒకే తక్కెడ.

"ఈ బొమ్మ మొత్తం మా బడిలో వెయ్యి. అందరూ చూడాలి. అప్పుడు వస్తాను."

"ముందు డాక్టరు, తర్వాత బొమ్మ."

"ముందు బొమ్మ."

"పోనీ సగం దారిలో కలుద్దాం. ఈ పూట డాక్టరుకి ఊరికే చూపించి..."

"గడ్డ సగం చూపించనా?"

ఎదుటివాడు బేరం వదిలి వెళ్ళిపోతాడన్న భయం ఉన్నవాడే బేరంలో ఓడతాడు. రీళ్ళాయన ఓడిపోయాడు. ఆ పూటంతా వీధి చివరిదాకా నడిచి రావడం, తలుపు సందులోంచి పిల్ల మెడ వైపు చూడ్డం, మళ్ళీ నడవడం. ఆ గడ్డకి గంటగంటకీ వడ్డీ పెరుగుతోందనిపించింది.

పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ గది ముందు నిలబడ్డాడు.

"మొన్ననేగా వేశారు?" అందావిడ.

"చివర కొత్త ముక్క చేరిందండీ. మళ్ళీ ఒక్కసారి వేద్దామని."

"ఏముంది అందులో?"

"అది చూశాక పిల్లలు మునుపటిలా ఉండరు."

అందులో అబద్ధం లేదు. మంచి వ్యాపారి అబద్ధమాడడు, ఎదుటివాడికి ఏ నిజం కావాలో అది ముందు పెడతాడు. ఆవిడ కళ్ళు మెరిశాయి. "పడిపోతారంటారా?"

"మీరే చూస్తారుగా."

మధ్యాహ్నానికి పెద్ద తరగతుల ఆడపిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టారు. వెనక గోడకి ఆనుకుని డ్రిల్ టీచరు నిలబడింది, మెడలో విజిల్, చేతిలో స్కేలు. బొమ్మ నడిచేటప్పుడు ఎవరైనా నవ్వితే జడ పట్టుకుని లేపడం ఆవిడ పని. ఎడమ చెయ్యి మాత్రం ఒంటికి నొక్కిపెట్టుకుని ఉంది, అలవాటులా.

"కిటికీలు మూయలేదేం?" అంది హెడ్మిస్ట్రెస్.

"గాలి రానివ్వండి" అన్నాడు రీళ్ళాయన. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆయనకే వింతగా ఉంది.

బొమ్మ కొంచెం పాలిపోయినా కనపడింది. అమ్మాయి నవ్వింది, సోడా తాగింది, అద్దం చూసుకుంది. "నేనేం తప్పూ చేయలేదండీ." హాలు ఊపిరి బిగపట్టింది. "అందరూ మొదట ఆ మాటే అంటారమ్మా." మూడో వరసలో పిట్ట తల దించుకుంది. రీళ్ళాయన చూపు తెర మీద లేదు, ఆ వంగిన తల మీదే ఉంది. మంచం వచ్చింది, దుప్పటి వచ్చింది. దీపాలు వేస్తారని కొందరు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు. బొమ్మ గెంతింది. దుప్పటి పక్కకి జరిగింది.

"ఏయ్, లేచిందే!" అన్నారెవరో.

"ఇదేంటి?" హెడ్మిస్ట్రెస్ ప్రొజెక్టరు దగ్గరికి విసురుగా వచ్చింది. "ఆపండి."

"ఉన్నపళంగా ఆపితే దీపం వేడికి ఫిల్ము కాలిపోతుందండీ."

"నయమైపోతోంది కదండీ!"

"అవునండీ."

ఆవిడ ఇంక మాటలతో కాదని వెలుగుకి అడ్డంగా వెళ్ళి నిలబడింది. బొమ్మ ఆగలేదు, తెర మాత్రం మారింది. నర్సు ఆవిడ భుజం మీద మాత్రలు పంచింది. బడి గేటు ఆవిడ నడుము దగ్గర తెరుచుకుంది. అమ్మాయి పుస్తకాలు గుండెకి హత్తుకుని ఆవిడ పొట్ట మీదుగా నడిచి బడిలోకి వెళ్ళింది. హాలంతా ఒక్కసారి పగిలినట్టు నవ్వింది. డ్రిల్ టీచరు ఎవరి జడా పట్టుకోలేదు. నోరు తెరుచుకుని హెడ్మిస్ట్రెస్ పొట్ట వైపే చూస్తోంది.

రీలు చివర టపటపా కొట్టుకుంటుండగా ఒకమ్మాయి లేచింది. "మేడం, అయితే పోయినసారి ఎందుకు చచ్చిపోయింది?"

"చావలేదే, కట్ చేశారు" అంది పక్కనున్నది.

"ఎవరు?"

ఆ ప్రశ్న హాల్లో తిరుగుతూనే ఉంది. హెడ్మిస్ట్రెస్ రీళ్ళాయన దగ్గరికొచ్చి, పళ్ళ మధ్య నుంచి, "మీరిక ఈ గడప తొక్కక్కర్లేదు. మిగతా బడులకి కూడా నేనే చెప్తాను" అంది. చెప్తుందని ఆయనకి తెలుసు. ఏ నోరు ఆయన సరుకుని ఊరూరా మోసిందో, ఆ నోరే దాన్ని తిరిగి దించేస్తుంది. ఇన్నేళ్ళ ఖాతాదారులు సాయంత్రానికి ఉండరు. ఆ లెక్క వేస్తూనే ఉన్నాడు గాని, చేతులు మాత్రం రీలుని ఆదరాబాదరాగా చుడుతున్నాయి. క్లినిక్ మూసేలోగా వెళ్ళాలి.

పిట్ట వ్యాను దగ్గర అప్పటికే నిలబడి ఉంది. "చాలాసేపు పట్టింది. పద" అంది.

క్లినిక్ వరండాలో బల్ల ఖాళీగా ఉంది. పిట్ట కూర్చుంది. రీళ్ళాయన కూర్చున్నాడు, లేచాడు, గోడ మీద అతికించిన కాగితాలన్నీ చదివాడు, మళ్ళీ కూర్చున్నాడు. అంతలో మెట్ల మీద ఎవరో ఆగారు. డ్రిల్ టీచరు. బడి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, విజిల్ ఇంకా మెడలోనే వేలాడుతోంది. పిల్లని చూడగానే వెనక్కి తిరగబోయి, తిరగలేక, దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ఏయ్, నువ్వు నన్ను చూడలేదు. నేనూ నిన్ను చూడలేదు. సరేనా?"

పిట్ట తలెత్తి చూసింది. "నేను చూశాను మేడం" అంది. పక్కకి జరిగి చోటిచ్చింది. "కూర్చోండి."

టీచరు కూర్చుంది. ఎడమ చెయ్యి ఒంటికి ఇంకా అలాగే నొక్కి ఉంది. "ఏడాదిగా ఉంది" అంది ఎవరికీ చెప్పనట్టు. "చంకలో. నేను మీ అందరినీ..." మెడలో విజిల్ తీసి సంచీలో వేసుకుంది.

లోపలి నుంచి పిలుపొచ్చింది. డాక్టరు ఒకావిడ, కళ్ళజోడు లేదు. పిట్ట మెడ మీద వేళ్ళు పెట్టి అటూ ఇటూ కదిపి చూసింది.

"ఎన్నాళ్ళుగా ఉంది?"

"చాన్నాళ్ళయిందండీ. నేనే దాచాను. నేనేం తప్పూ..." పిల్ల సగంలో ఆగిపోయి, వచ్చే మాట కోసం భుజాలు ముడుచుకుంది. రీళ్ళాయన కూడా ముడుచుకున్నాడు.

"తప్పేంటమ్మా? గడ్డ గురించి అడుగుతున్నాను. నొక్కితే నొప్పా?"

"లేదండీ."

"సాయంత్రాలు జ్వరం వస్తోందా? ఒళ్ళు తగ్గావా?" అడుగుతూనే ఏదో రాసుకుంది. "సూదితో కొంచెం తీసి పరీక్షకి పంపాలి. ఇలాంటి గడ్డకి కారణాలు చాలా ఉంటాయి. నేననుకుంటున్నదే అయితే పక్కవాళ్ళ దగ్గు తగిలి వచ్చేది, మందులకి లొంగేదే. కాకపోతే నెలల తరబడి మానకుండా వేసుకోవాలి."

"లొంగుతుందని ఖాయమేనాండీ?" అన్నాడు రీళ్ళాయన.

"పరీక్ష వచ్చాక చెప్తాను."

"అది సరేనండీ, ఉజ్జాయింపుగా... మీ అనుభవం మీద... ఒక మాట అనుకుంటే..."

"నాన్నా, ఇక్కడ బేరాలాడకు" అంది పిట్ట, తల వెనక్కి వాల్చి మెడ చూపిస్తూ.

నర్సు ఆయన్ని బయటికి పంపింది. బల్ల మీద డ్రిల్ టీచరు నిటారుగా కూర్చుని తలుపు వంకే చూస్తోంది.

"ఏమన్నారు?"

"సూదట."

"నొప్పిగా ఉంటుందా?"

సూదుల బొమ్మలు ఎన్నో అమ్మినవాడు, ఆ ప్రశ్నకి తన దగ్గర సరుకు లేక తల అడ్డంగా ఊపాడు. "తెలీదండీ. పిల్లని బయటికి రానివ్వండి, అడిగి చెప్తాను" అని, తలుపుకి చెవి పెట్టి నిలబడ్డాడు.